అద్దె పుస్తకంతో పేదల గడపలోకి: ఆక్టేవియా హిల్ జీవితం

అద్దె వసూలుకు వచ్చే మనిషి అంటే మన మనసులో మెదిలే రూపం అంత మంచిది కాదు. తలుపు తట్టిన చప్పుడు వినగానే పిల్లవాణ్ణి పంపి, అమ్మ ఇంట్లో లేదని చెప్పించిన ఇళ్ళు ఎన్నో ఉంటాయి. అందరూ ఏవగించుకునే ఆ పనినే చేతబట్టి, దాన్ని పేదల సేవగా మార్చిన ఒక స్త్రీ కథ ఈ వారం మీకు చెప్పదలచుకున్నాను. ఆమె మఠకన్య కాదు. కతోలికురాలు కూడా కాదు. ఇంగ్లండు దేశపు ఆంగ్లికన్ సంఘానికి చెందిన గృహస్థ విశ్వాసి. పేరు ఆక్టేవియా హిల్. పేదలకు అందుబాటులో ఉండే ఇల్లు, దానికి కావలసిన పెట్టుబడి, ఆ ఇంట్లో ఉండే మనుషుల అభివృద్ధి, ఈ మూడింటినీ కలిపి చూడాలని లోకానికి నేర్పిన తొలితరం వారిలో ఆమె ఒకరు.

దివాలా తీసిన ఇంట్లో పుట్టిన బిడ్డ

ఆక్టేవియా 1838 డిసెంబరు 3న ఇంగ్లండులోని విస్‌బెచ్ అనే ఊరిలో పుట్టింది. తండ్రి జేమ్స్ హిల్ ధాన్యం వ్యాపారి, బ్యాంకు నడిపినవాడు. సహకార ఉద్యమ పితామహులలో ఒకడైన రాబర్ట్ ఓవెన్ భావాలంటే ఆయనకు అభిమానం. ఆక్టేవియా అనే మాట లాటిను భాషలో ఎనిమిది అనే అంకె నుండి వచ్చింది. ఆమె తండ్రికి ఎనిమిదవ కూతురు.

బిడ్డకు రెండేళ్ళు నిండక మునుపే, 1840లో, ఆ బ్యాంకరు దివాలా తీశాడు. డబ్బుతో పాటు ఆయన మనసు కూడా చెదిరిపోయింది. మళ్ళీ కోలుకుని కుటుంబ భారం మోయగలిగిన స్థితికి ఆయన రాలేదు. తల్లి కరొలైన్ చదువుకున్న స్త్రీ, ధైర్యం గల మనిషి. పిల్లల్ని తీసుకుని తన తండ్రి అండన చేరింది. ఆ తాతగారు డాక్టర్ సౌత్‌వుడ్ స్మిత్. లండను పేటలలో జ్వరాలకు మురుగు, చెడునీరు, ఇరుకు కొంపలే మూలమని ఏళ్ళ తరబడి పోరాడిన వైద్యుడు. ఆయన ఒళ్ళో పెరిగిన మనవరాలికి, ఇల్లు మనిషిని బ్రతికించగలదు, చంపగలదు అన్న సంగతి చిన్ననాడే తెలిసింది.

అప్పు మాట కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. తండ్రి చెల్లించలేక మిగిలిపోయిన బాకీలు తమ బాధ్యతేనని ఆ అక్కచెల్లెళ్ళు భావించారు. చట్టం వాళ్ళను అడగలేదు. అయినా పాఠాలు చెప్పి, పని చేసి, కూడబెట్టి ఏళ్ళ తరబడి తీర్చుకుంటూ వచ్చారు. ఈ సంగతిని మనం గుర్తుంచుకోవాలి. తరువాతి రోజుల్లో పేదల వద్ద వారం వారం అద్దె తప్పకుండా అడిగిన ఆ మనిషిని కఠినురాలు అన్నవారున్నారు. అప్పు అంటే ఏమిటో ఆమె పుస్తకాలలో చదివి నేర్చుకోలేదు. ఆ సిగ్గు తన ఇంట్లోనే అనుభవించింది.

బొమ్మలు చేసే పిల్లల వెంట

ఆక్టేవియా బడికి పోలేదు. తల్లి దగ్గరే చదువు. ఇంచుమించు పద్నాలుగేళ్ళ వయసులో పనిలో చేరింది. స్త్రీలకు జీవనోపాధి చూపించడానికి లండనులో నెలకొల్పిన ఒక సహకార చేతిపనుల కేంద్రంలో తల్లి నిర్వాహకురాలు. అక్కడ బీద పిల్లలు బొమ్మల ఇళ్ళకు కావలసిన చిన్న చిన్న కుర్చీలు, బల్లలు తయారుచేసేవారు. ఆ పిల్లలపై అజమాయిషీ ఆక్టేవియాకు అప్పగించారు. వాళ్ళలో కొందరు తనకంటే పెద్దగా ఏమీ చిన్నవాళ్ళు కారు.

పని ముగిశాక ఆమె పిల్లల వెంట వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేది. బొమ్మ ఇంటికి అందమైన సామాను చేసే పిల్ల, చీకటి గదిలో, తడి గోడల మధ్య, నలుగురైదుగురితో కలిసి పడుకోవడం చూసింది. ఆ దృశ్యాలు ఆమెను విడిచిపోలేదు.

ఆ రోజుల్లోనే ఎఫ్. డి. మారిస్ అనే ఆంగ్లికన్ గురువు ప్రభావం ఆమెపై పడింది. ఆదివారం ప్రార్థనకూ, మిగతా ఆరు రోజుల బ్రతుకుకూ మధ్య గోడ ఉండరాదని బోధించిన వ్యక్తి ఆయన. 1856లో, పద్దెనిమిదేళ్ళు నిండకుండానే, శ్రామికుల కళాశాలలో స్త్రీల తరగతులకు ఆమె కార్యదర్శి అయ్యింది. సుప్రసిద్ధ కళావిమర్శకుడు జాన్ రస్కిన్ వద్ద పాత చిత్రాలకు నకళ్ళు గీసే పని కూడా చేసింది. ఆ తరువాత అక్కచెల్లెళ్ళతో కలిసి మేరిల్‌బోన్ ప్రాంతంలో ఒక చిన్న బడి నడిపింది.

750 పౌన్లు, మూడు ఇళ్ళు

1864లో రస్కిన్ తండ్రి చనిపోయాడు. కొడుకుకు పెద్ద ఆస్తి వచ్చింది. దాన్ని ఏం చేయాలని ఆయన ఆలోచిస్తున్నప్పుడు ఆక్టేవియా తన మనసులోని మాట చెప్పింది. పేదలు అద్దెకుండే కొంపలు కొన్ని కొని తనకు అప్పగిస్తే, వాటిని మనుషులుండదగిన ఇళ్ళుగా మారుస్తానంది. రస్కిన్ ఒప్పుకున్నాడు. కాని ఒక షరతు పెట్టాడు. పెట్టుబడిపై ఏటా 5 శాతం రాబడి రావాలి. ఆ డబ్బు తనకు అవసరమై అడగలేదు. ఈ పని గిట్టుబాటు అవుతుందని రుజువైతే మరికొందరు ముందుకు వస్తారని ఆయన ఆలోచన.

1865లో మేరిల్‌బోన్‌లోని ప్యారడైజ్ ప్లేస్ అనే సందులో మూడు ఇళ్ళ లీజు 750 పౌన్లకు కొన్నారు. ప్యారడైజ్ అంటే పరలోకం. ఆ సందు చూసినవారికి ఆ పేరు వెక్కిరింతలా తోచి ఉంటుంది. గోడల పెచ్చులు ఊడిపోతున్నాయి. మెట్ల మీద కటిక చీకటి. ఒక చోట వాన కారుతుంటే క్రింద బాల్చీ పెట్టారు. మెట్ల ప్రక్కన ఉండవలసిన కొయ్య పిడులను చలికి తట్టుకోలేక ఎన్నడో పొయ్యిలో పెట్టేశారు. నీళ్ళ తొట్టి పాడైపోయింది. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం కాపురం. చాలామంది అద్దె బకాయిలతో ఉన్నారు. ఇంటివాడు బాగుచేయడు గనుక వీళ్ళు అద్దె ఇవ్వరు. వీళ్ళు ఇవ్వరు గనుక అతడు బాగుచేయడు. ఇలా ఒకరిపై ఒకరికి నమ్మకం పోయి, ఇద్దరూ చెడిపోయిన చోటు అది.

ఆమె పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మొదట మురుగు కాలువలు, నీళ్ళు, పైకప్పు బాగుచేయించింది. ఇవి లేకుండా మనిషి బ్రతకలేడు గనుక వీటికి ఎవరి అర్హతనూ చూడలేదు. ఆపైన ప్రతి వారం తానే స్వయంగా అద్దె పుస్తకం పట్టుకుని ప్రతి గడపకూ వెళ్ళేది. అద్దె గడువు తప్పకూడదు. ఇంటి యజమానిగా తాను చేయవలసినది కూడా గడువు తప్పకూడదు. ఈ రెండూ జమిలిగా నడిచాయి.

ప్రతి ఏడూ మరమ్మతులకని కొంత సొమ్ము కేటాయించేది. అద్దెకున్నవారు జాగ్రత్తగా ఉండి, కిటికీలు పగలకుండా, తలుపులు విరగకుండా చూసుకుంటే ఆ సొమ్ములో మిగులు కనబడేది. ఆ మిగులు యజమానికి చెందదు. దానితో ఏ సౌకర్యం చేయించుకోవాలో అద్దెదారులే చెప్పాలి. ఒక ఇంటివారు బీరువా కావాలంటారు. మరొకరు బట్టలుతికే చోటు బాగుచేయమంటారు. పరుల సొత్తని పగలగొట్టిన చేతులే, తమకు రావలసినది అందులో ఉందని తెలిశాక, దాన్ని కాపాడడం మొదలుపెట్టాయి.

చిన్న చిన్న మరమ్మతు పనులను ఆమె కావాలని దాచి ఉంచేది. చలికాలంలో పని దొరకక ఖాళీగా కూర్చున్న అద్దెదారుకు ఆ పని ఇచ్చి కూలి ఇచ్చేది. ఆ కూలితో అతడు అద్దె కట్టేవాడు, తలెత్తుకుని తిరిగేవాడు. కాస్త పెద్దవాళ్ళయిన ఆడపిల్లలకు మెట్లు, నడవలు కడిగే పని డబ్బుకే ఇచ్చింది. పొదుపు సంఘం పెట్టింది. పిల్లలకు కుట్టుపని, పెద్దలకు సాయంకాలపు తరగతులు, వేసవిలో ఊరి బయటికి విహారాలు ఏర్పాటు చేసింది. ఒకే గదిలో ఇరుక్కున్న కుటుంబం రెండో గది తీసుకునేలా తక్కువ అద్దెకే ఇప్పించింది.

రస్కిన్‌కు 5 శాతం అందింది. 750 పౌన్లకు ఏడాదికి 37 పౌన్ల 10 షిల్లింగులు అన్నమాట. అసలు తీర్చడానికి కూడా కొంత నిధి పోగుపడసాగింది. 1866లో ఫ్రెష్‌వాటర్ ప్లేస్‌లో మరో ఐదు ఇళ్ళు కొన్నారు. అక్కడ పిల్లలు ఆడుకునేందుకు కొంత స్థలం కూడా కేటాయించారు.

దానమా, పెట్టుబడా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పేదల దగ్గర లాభం తీసుకోవడమేమిటి? ఉచితంగా ఇస్తే పుణ్యం గదా?

ఆక్టేవియా లెక్క వేరు. దానంగా ఇచ్చిన నూరు పౌన్లు ఒక ఇంటిని బాగుచేసి అక్కడితో అయిపోతాయి. న్యాయమైన రాబడితో తిరిగి వచ్చే నూరు పౌన్లు మరొక సందులో మరొక ఇంటికి పనికివస్తాయి. అప్పట్లో మార్కెట్టులో మురికి కొంపల యజమానులు ఇంతకంటే ఎన్నో రెట్లు పిండుకునేవారు. 5 శాతం అంటే తృప్తి గల మనిషి తీసుకునే రాబడి. దానికి మించి వచ్చినదంతా ఆ ఇళ్ళకే. ఈ నమ్మకంతో కలిగినవారు ఒక్కొక్కరుగా ఇళ్ళు కొని ఆమె చేతికి అప్పగించారు. 1869లో బ్యారెట్స్ కోర్టు అనే సందులో పని మొదలైంది. 1874 నాటికి ఆమె చేతి క్రింద 15 చోట్ల ఇళ్ళు, సుమారు 3,000 మంది అద్దెదారులు ఉన్నారు.

దివాలా తీసిన బ్యాంకరు కూతురి చేతిలో ఇందరు తమ సొమ్ము పెట్టారంటే, ఆమె లెక్క ఎంత నిక్కచ్చిగా ఉండేదో ఊహించుకోవచ్చు. 1872 నుండి ఏటా తన తోటి పనివారికి ఒక ఉత్తరం అచ్చువేయించి పంపేది. అందులో ఆ ఏటి పనులతో పాటు, దాతలిచ్చిన సొమ్ము ఎలా ఖర్చయిందో లెక్క కూడా ఉండేది.

ఆమెకంటూ ఆస్తి లేదు. బడి ఆదాయమే ఆధారం. పగలు పాఠాలు, మిగతా పొద్దు ఈ పని. ఆమె ఆరోగ్యం చెడిపోతుందని గ్రహించిన మిత్రులు 1874లో కొంత నిధి కూర్చి, ఆమెకు జీవనాధారం ఏర్పాటు చేశారు. ఇచ్చినవారిలో నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్ కూడా ఉంది.

తోటి పనివారు

పని పెరిగినా ఆమె పెద్ద సంస్థ పెట్టలేదు. ఒక్కొక్క సందుకు ఒక్కొక్క స్త్రీని నియమించి, తానే దగ్గరుండి శిక్షణ ఇచ్చింది. అద్దె వసూలు, లెక్కలు, పనివాళ్ళతో బేరాలు, మురుగు పనుల పరిశీలన అన్నీ వాళ్ళే నేర్చుకున్నారు. స్త్రీలకు ఇంటి వెలుపల గౌరవప్రదమైన పని దొరకడం అరుదైన ఆ కాలంలో, ఇళ్ళ నిర్వహణ ఒక వృత్తిగా స్త్రీల చేతుల మీదుగా రూపుదిద్దుకుంది.

దూర దేశాలవారు కూడా చూసి నేర్చుకున్నారు. 1875లో వెలువడిన ఆమె వ్యాసాల సంపుటిని విక్టోరియా రాణి కుమార్తె ఆలిస్ జర్మను భాషలోకి తెచ్చింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1896లో ఆమె పేరుతోనే ఒక గృహ సంఘం ఏర్పడింది. నెదర్లాండ్సు నుండి కూడా స్త్రీలు వచ్చి ఆమె వద్ద శిక్షణ పొందారు.

దెబ్బలు కూడా తిన్నది. 1877లో రస్కిన్‌తో తగవు వచ్చింది. ఆయన తలపెట్టిన మరో పెద్ద పథకాన్ని నడపగల వ్యవహార దక్షత ఆయనకు ఉందో లేదో అని ఆమె ఎవరితోనో సందేహం వెలిబుచ్చింది. అది ఆయన చెవిన పడింది. కోపం పట్టలేక, ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలను ఆయన తన పత్రికలో అచ్చువేశాడు. మొదటి మూడు ఇళ్ళు కొనిపెట్టిన మనిషి అలా వీధికెక్కించడం ఆమెను క్రుంగదీసింది. అలసట, ఈ బాధ కలిసి ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. చాలా కాలం పని విడిచి దేశాంతరాలలో విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. ఆ సమయంలో తోడుగా వచ్చిన హారియట్ యార్క్ చివరి వరకు ఆమె వెంట నిలిచింది. ఆమె లేని రోజుల్లోనూ ఆ సందులలో పని ఆగలేదు. తాను శిక్షణ ఇచ్చిన స్త్రీలు అద్దె పుస్తకాలు పట్టుకుని వారం వారం వెళ్ళారు. ఒక పని మంచిదో కాదో తెలిసేది, మొదలుపెట్టినవారు మంచాన పడినప్పుడే గదా!

దేవుని ఇంటివారి మురికి కొంపలు

1884లో రెండు సంగతులు జరిగాయి. శ్రామికుల ఇళ్ళ పరిస్థితిపై ప్రభుత్వం ఒక రాయల్ కమిషను వేసింది. కాబోయే రాజు ఎడ్వర్డు అందులో సభ్యుడు. వెస్ట్‌మిన్‌స్టర్ అగ్రపీఠాధిపతి కార్డినల్ మ్యానింగ్ గారు కూడా సభ్యులు. ఆక్టేవియా పేరు కూడా ప్రతిపాదనకు వచ్చింది. స్త్రీ అన్న కారణంతో తోసిపుచ్చారు. ఆమె అలిగి కూర్చోలేదు. వెళ్ళి సాక్ష్యం చెప్పింది. అలా ఆమె అనుభవం, మన కార్డినల్ గారు కూర్చున్న బల్ల ముందుకే చేరింది. ఏడేళ్ళ తరువాత, 1891లో, 13వ లియో పోపుగారు శ్రామికుల స్థితిగతులపై ప్రసిద్ధ విశ్వలేఖ వెలువరించిన కాలం అది. పేదవాని కూలి, పేదవాని ఇల్లు అన్నవి దయాధర్మాల లెక్క మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించినవని సభలన్నీ గ్రహించసాగాయి.

రెండవ సంగతి మరింత ఆలోచించదగినది. దక్షిణ లండనులోని సౌత్‌వార్క్ ప్రాంతంలో ఆంగ్లికన్ సంఘపు ఆస్తులలో కూడా మురికి కొంపలు ఉన్నాయి. ఆ ఆస్తులు చూసే కమిషనర్లు వాటి నిర్వహణ ఆమెకు అప్పగించారు. దేవాలయంలో పేదల కోసం ప్రార్థించే సభ, అదే పేదలకు పాడుపడిన గదులు అద్దెకిచ్చిన యజమాని కూడా! ఆక్టేవియా దీన్ని పత్రికలకెక్కించి రచ్చ చేయలేదు. లెక్కలు ముందు పెట్టి, చేసి చూపించి ఒప్పించింది. సౌత్‌వార్క్‌లో కాలిపోయిన ఒక కాగితపు కర్మాగారం స్థలం తీసుకుని, 1887లో దాన్ని రెడ్ క్రాస్ తోటగా మార్చింది. ప్రక్కనే ఒక సభాశాల, వరుసగా చిన్న చిన్న ఇళ్ళు. ఇరుకు గదిలో ఉండే పేదవానికి నాలుగు చెట్లు, కాస్త గాలి, కూర్చోవడానికి ఒక చోటు కూడా ఇంటిలో భాగమేనని ఆమె నమ్మింది. ఆ తోట, ఆ ఇళ్ళు నేటికీ ఉన్నాయి. ఈ నమ్మకంతోనే 1895లో రాబర్ట్ హంటర్, రాన్‌స్లీ అనే ఇద్దరు మిత్రులతో కలిసి, అందమైన ప్రదేశాలను ప్రజలందరి కోసం కాపాడే నేషనల్ ట్రస్టును స్థాపించింది.

ఆమె చూడలేనిది

ఆక్టేవియాను పునీతురాలిగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. ఆమెలో కాఠిన్యం ఉంది. పదే పదే అద్దె ఎగగొట్టినవారిని, ఇరుగుపొరుగును వేధించినవారిని ఖాళీ చేయించింది. అలా వెళ్ళినవారు ఎక్కడికి పోయారన్న ప్రశ్నకు ఆమె పద్ధతిలో జవాబు లేదు. నగరపాలక సంస్థలే ఇళ్ళు కట్టించాలన్న ఆలోచనను ఆమె వ్యతిరేకించింది. అలా కట్టిస్తే మనిషికీ మనిషికీ మధ్య ఉండవలసిన సంబంధం పోతుందని ఆమె భయం. కాని లండను కౌంటీ కౌన్సిలు 1900లో ప్రారంభించిన బౌండరీ ఎస్టేటు వంటి పెద్ద నిర్మాణాలు ఏ ఒక్క వ్యక్తి చేతులమీదుగా అయ్యేవి కావు. వృద్ధులకు ప్రభుత్వం పింఛను ఇవ్వడం కూడా ఆమెకు ఇష్టం లేదు. 1908లో ఆ చట్టం వచ్చింది. ముసలితనంలో ఎవరి ముందూ చేయి చాచకుండా బ్రతికే గౌరవాన్ని అది ఎందరికో ఇచ్చింది. పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు ఓటు ఉండాలన్నా ఆమె ఒప్పుకోలేదు.

పేదవాణ్ణి స్వయంగా ఎరిగి ఉండాలన్న ఆమె మాట నిజం. అయితే ఎరగడానికి ఎవరూ రాని పేదల సంగతేమిటి? అక్కడ చట్టం కావాలి, ప్రభుత్వం కావాలి. ఒక్క మనిషి ప్రేమ చేరలేని చోటికి న్యాయం చేరాలి. అదే సమయంలో, చట్టం కట్టించిన గోడల మధ్య మనిషిని పేరు పెట్టి పలకరించేవారు కూడా ఉండాలి. ఈ రెండిటిలో రెండవదాన్ని ఆమె ఎవరికంటే బాగా ఎరుగును. మొదటిదాన్ని చూడలేకపోయింది.

చివరి రోజులు

1912 ఆగస్టు 13న ఆమె మేరిల్‌బోన్‌లోని తన ఇంట్లో కన్నుమూసింది. అప్పటికి ఇంచుమించు 2,000 ఇళ్ళు ఆమె, ఆమె శిష్యురాళ్ళ చేతుల క్రింద నడుస్తున్నాయి. చివరి నెలల్లో ఏ ఇళ్ళు ఎవరు చూసుకోవాలో వరుసగా అప్పగింతలు చేసింది. గొప్పవారిని సమాధి చేసే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఆమెకు స్థానమిస్తామన్నారు. కుటుంబం వారు వద్దన్నారు. కెంట్ జిల్లాలోని క్రాకమ్ హిల్ అనే పల్లెలో, రెండేళ్ళ ముందు చనిపోయిన అక్క మిరాండా ప్రక్కనే ఆమెను భూస్థాపితం చేశారు. నూరేళ్ళ తరువాత, 2012లో, ఆబీలో ఆమె పేరుతో ఒక స్మారక ఫలకం వెలసింది.

ప్రియ పాఠకులారా, విన్సెంట్ ది పాల్ సభ్యులు పేదల ఇళ్ళకు స్వయంగా వెళ్ళడం మనం ఎరిగినదే. మనలో ఇల్లు అద్దెకిచ్చినవారు ఉన్నారు, అద్దెకున్నవారూ ఉన్నారు. పొదుపు సంఘం లెక్కలు రాసే అక్కచెల్లెళ్ళూ ఉన్నారు. విచారణ ఆస్తులు చూసే పెద్దలూ ఉన్నారు. ఆక్టేవియా జీవితం మనలో ఒక్కొక్కరినీ ఒక్కొక్క ప్రశ్న అడుగుతుంది. అద్దె ఒకటో తేదీన తీసుకునే యజమాని, కారే కప్పును ఏ తేదీన బాగుచేయిస్తున్నాడు? నలుగురి సొమ్ము చేతబట్టినవారు, ఆ నలుగురికీ లెక్క చూపిస్తున్నారా? సహాయం చేసేటప్పుడు, ఏది కావాలో ఎంచుకునే అవకాశం పుచ్చుకునేవారికి ఇస్తున్నామా?

ఈ వారం ఎవరి గడపకైనా వెళ్ళవలసిన పని పడితే, ఆ ఇంటి కప్పును, గోడను, నీళ్ళ కుళాయిని కూడా ఒకసారి చూసి రండి. చూసినదాన్ని గురించి ఏదైనా చేయగలిగిన స్థితిలో ఉంటే, చేయండి.